తెల్ల ఎలుకకు కావలసింది ఇల్లు... బోను కాదు!

ఎలుక కనబడితే మన ఇళ్లల్లో చేతికొచ్చేది చీపురు, నోటికొచ్చేది "బోను పెట్టండి!" అన్న మాట. అలాంటి ఇంటికే ఇవాళ పిల్లలు "అమ్మా, ఎలుకను పెంచుకుంటానే" అంటూ వస్తున్నారు. కుక్కపిల్లంటే అపార్ట్‌మెంట్‌లో కుదరదు. పిల్లంటే నాయనమ్మకు పడదు. పోనీ రామచిలకను తెద్దామంటే, మన దేశపు చిలకలను పంజరంలో పెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ప్రకారం నేరం. చివరికి దుకాణంలో గాజుపెట్టె మూల ముడుచుకు కూర్చున్న తెల్ల ఎలుక మీద పడుతుంది పిల్లల కన్ను. వారం రోజులు అలక, రెండు పూటలు అన్నం మానడం... అమ్మ మనసు కరిగిపోతుంది.

సరే, తెచ్చుకోవచ్చు. అయితే ఎలుకను ఎన్నుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఆలోచించవలసింది దాన్ని ఎందులో ఉంచాలన్నదే. దాని ఆయుష్షు మహా అయితే రెండు మూడేళ్లు. అందులో ఎక్కువ కాలం గడిచేది పంజరంలోనే. ఆ పంజరం బాగుంటే దాని బతుకు బాగున్నట్టు, లేకపోతే మనం ముద్దుగా పెట్టే హింసే అది.

<b>ఇది మురుగు కాల్వ ఎలుక కాదు</b>

పెంపుడు తెల్ల ఎలుకలు నార్వే ఎలుక అనే జాతివి. వందేళ్లకు పైగా మనిషి చేతుల్లో పెరిగి సాధువైనవి. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో విస్టార్ సంస్థ 1906లో పెంచడం మొదలుపెట్టిన తెల్ల ఎలుకలే ఇప్పటి ప్రయోగశాలల్లోని ఎన్నో రకాలకు మూలం. ఇవి పెంచేవారిని గుర్తుపడతాయి, పిలిస్తే వస్తాయి, చొక్కా జేబులో నిద్రపోతాయి. పొద్దస్తమానం ముఖం కడుక్కుంటూ శుభ్రంగా ఉంటాయి.

తెలివి కూడా తక్కువేం కాదు. 1960ల్లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో కొన్ని ఎలుకలను వట్టి పంజరాల్లో ఒంటరిగా ఉంచారు. మరికొన్నిటిని తోటి ఎలుకలతో, ఎక్కడానికి దిగడానికి ఆటవస్తువులున్న పెద్ద పంజరంలో ఉంచారు. తర్వాత మెదళ్లను పరీక్షిస్తే, ఆడుకుంటూ పెరిగిన వాటి మెదడు పైపొర మందంగా ఉంది! పంజరం తేడా మెదడు దాకా వెళ్లిందన్నమాట.

<b>ఒకటి వద్దు, రెండు కావాలి</b>

"ఒక్కటి చాల్లే, రెండెందుకు దండగ" అనుకుంటారు చాలామంది. ఎలుక గుంపులో బతికే ప్రాణి. ఒకదాన్నొకటి నాకి శుభ్రం చేసుకోవాలి, ఒకదానిమీదొకటి పడి నిద్రపోవాలి. ఒంటరిగా ఉంచితే దిగులు పడుతుంది. రోజంతా బడిలో ఉండే పిల్లలు ఆ లోటు తీర్చలేరు.

అయితే రెండూ ఆడవో, రెండూ మగవో అయి ఉండాలి. ఈ మాట దుకాణంలో గట్టిగా అడగండి. ఐదారు వారాల వయసుకే ఇవి పెద్దమనుషులవుతాయి. 21 నుంచి 23 రోజుల్లో ఈనుతాయి. ఒక్కో ఈతకు ఎనిమిది, పది పిల్లలు మామూలే. ఈనిన మర్నాటికే మళ్లీ చూలు కట్టగలవు. లెక్క మీరే వేసుకోండి! మగవాటికి నాలుగైదు వారాలకే వృషణాలు స్పష్టంగా తెలుస్తాయి కాబట్టి ఆ వయసు దాటినవాటిని తెచ్చుకోవడం మంచిది.

<b>ఎంత పెద్ద పంజరం?</b>

ఒక్కో ఎలుకకు కనీసం రెండున్నర ఘనపుటడుగుల చోటుండాలన్నది పెంపకందారులు పాటించే లెక్క. టేపు తీసుకెళ్లి పంజరం పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి మూడింటినీ గుణించండి. లవ్‌బర్డ్స్ కోసం అమ్మే పంజరం ఒకటిన్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉందనుకోండి. వచ్చేది ఒకటిన్నర. అంటే ఒక్క ఎలుకకే చాలదు. రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉంటే ఏడున్నర వస్తుంది. రెండింటికి హాయిగా సరిపోతుంది. మూడోది వచ్చినా ఇబ్బంది లేదు.

ఇది కేవలం దయ గురించిన మాట కాదు. జంతువు అటూ ఇటూ తిరగడానికి తగినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని పంజరంలో దాన్ని ఉంచడం జంతుహింస నివారణ చట్టం (1960) 11వ సెక్షన్ కింద నేరం. చట్టం కుక్కకూ ఎలుకకూ తేడా చూపలేదు.

అటక మీద పాత చిలక పంజరం ఉంది కదా అని దించకండి. దాని ఊచల మధ్య సందు ఎక్కువ, అడుగు తక్కువ. చిలకకు ఎత్తు ముఖ్యం, ఎలుకకు ఎత్తుతో పాటు పరుగుపెట్టే నేల కూడా ముఖ్యం.

<b>తల దూరితే ఒళ్లంతా దూరినట్టే!</b>

ఎలుక శరీరం రబ్బరులా సాగుతుంది. తల పట్టే సందులోంచి మొత్తం ఒళ్లు బయటకు లాగేసుకుంటుంది. పెద్దవాటికి ఊచల మధ్య అర అంగుళం మించకూడదు. పిల్లవాటికి అదీ ఎక్కువే, ఒక సెంటీమీటరు లోపు ఉండాలి. వెల్డింగ్ షాపులో చెప్పి చేయించుకునేవారు అర అంగుళం గళ్ల వెల్డ్‌మెష్ అడగండి. జింక్ పూత మెష్ కన్నా పౌడర్ కోటింగ్ వేసినది మేలు. మూత్రం తగిలి తుప్పు పట్టదు, వాసన పట్టదు.

తలుపు మీ రెండు చేతులూ దూరేంత వెడల్పుండాలి. లేకపోతే కడిగేటప్పుడూ అవస్థే, ఎలుకను బయటకు తీసేటప్పుడూ అవస్థే. గొళ్లేన్ని ముక్కుతో నెట్టి తీసే నేర్పు వీటికుంది. కాబట్టి దానికి ఒక స్ప్రింగ్ క్లిప్ తగిలించండి.

<b>అడుగున తీగ వద్దు</b>

మురికి కిందికి జారిపోతుంది, కడిగే పని తప్పుతుంది అని అడుగున కూడా తీగలున్న పంజరాలు అమ్ముతుంటారు. మనకు సుఖమే, దానికి మాత్రం నరకం. ఎప్పుడూ తీగల మీద నడిచే ఎలుకలకు అరికాళ్లు వాచి పుండ్లు పడతాయి. ఆ పుండ్లు ఒక పట్టాన మానవు. అడుగున లోతైన ప్లాస్టిక్ ట్రే ఉండాలి. మధ్యలో తీగ అంతస్తులుంటే వాటిమీద గుడ్డ పరచండి.

ట్రేలో కాగితం ముక్కలు, సిరా తక్కువున్న అట్టపేళికలు, పాత నూలు చీర ముక్కలు వేయవచ్చు. గుడ్డ అంచుల నుంచి దారాలు వేలాడకుండా కత్తిరించండి, వేళ్లకు చుట్టుకుంటాయి. రంపపు పొట్టు చవగ్గా దొరుకుతుందని వేయకండి. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైన్, దేవదారు చెక్క పొట్టయితే దాని ఘాటు వాసన మరింత చేటు.

<b>గాజుతొట్టె, చెక్కపెట్టె పనికిరావా?</b>

చేపలు చచ్చిపోయిన గాజుతొట్టె ఇంట్లో ఖాళీగా ఉంటే, అందులో వేసేద్దామనిపిస్తుంది. గాజులో గాలి ఆడదు. మూత్రం నుంచి వచ్చే అమోనియా లోపలే నిలిచిపోతుంది. ఎలుకలకు అసలే ఊపిరితిత్తులు బలహీనం. తుమ్ములు, గురక, ఎగశ్వాసతో పోయేవే ఎక్కువ. ఇక చెక్కపెట్టె మూత్రాన్ని పీల్చుకుంటుంది, పైగా దాన్ని రెండు రాత్రుల్లో కొరికి బయటపడుతుంది. వాటి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కొరకడం వాటికి చిలిపితనం కాదు, అవసరం. అందుకే పంజరంలో ఒక గట్టి చెక్కముక్కో, ఎండు కొబ్బరి చిప్పో పడేయండి.

<b>ఇంట్లో ఎక్కడ పెట్టాలి?</b>

వంటింట్లో వద్దు. తాలింపు ఘాటుకే మనం దగ్గుతాం, వాటి సంగతి చెప్పక్కర్లేదు. అగరొత్తులు, దోమల చక్రాలు, రూమ్ ఫ్రెషనర్లు, కలరా ఉండలు కూడా దగ్గర్లో ఉండకూడదు. టీవీ పక్కనా వద్దు. మన చెవికి 20 వేల హెర్ట్జ్ దాటితే వినపడదు. ఎలుకకు దాదాపు 80 వేల దాకా వినిపిస్తుంది. ఎలుకలను తరిమేస్తుందంటూ అమ్మే ప్లగ్ యంత్రం ఇంట్లో ఉంటే తీసేయండి. ఇంటి ఎలుక పోతుందో లేదో గానీ పంజరంలోది పారిపోయే దారి లేక అల్లాడుతుంది.

ఎర్ర కళ్ల తెల్ల ఎలుకలకు వెలుతురు పడదు. ఎడతెగని వెలుగులో వాటి చూపు దెబ్బతింటుంది. ట్యూబులైటు కింద, కిటికీ ఎండలో పెట్టకండి. బాల్కనీలోనూ వద్దు. అక్కడ పిల్లి, కాకి, అన్నిటికన్నా ముఖ్యంగా బయటి ఎలుకలు వస్తాయి. లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు వాటి మూత్రం నుంచే అంటుకుంటాయి, మీ ఎలుకకూ, దాని ద్వారా మీకూ. పంజరాన్ని నేల మీద కాక బల్ల మీద పెట్టి, గింజలను మూతున్న డబ్బాలో ఉంచండి. ఇంట్లో ఎలుకల మందు, జిగురు అట్టలు పెట్టే అలవాటుంటే మానుకోవాల్సిందే. పంజరం తప్పించుకున్న బుజ్జిది మొదట పోయేది ఆ మూలకే.

<b>మన వేసవే అసలు పరీక్ష</b>

ఎలుకకు మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడిని కొంతవరకు తోక ద్వారా బయటకు పంపుతుంది. 30 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది మొదలు. రామగుండం, రెంటచింతల ఎండల సంగతి మనకు తెలియనిదా! కోస్తాలో ఉక్క సరేసరి. మార్చి వస్తుండగానే పంజరాన్ని ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలోకి మార్చండి. పైన స్లాబు కాగే గదిలో ఉంచవద్దు. లోపల ఒక నాపరాయి ముక్క పెట్టండి, పొట్ట ఆనించుకుని పడుకుంటాయి. చిన్న సీసాలో నీళ్లు గడ్డకట్టించి గుడ్డ చుట్టి ఒక పక్కన ఉంచండి. పంజరం సగం మీద తడిగుడ్డ కప్పండి, మొత్తం కప్పితే గాలి ఆడదు. నీళ్ల సీసాలు రెండు తగిలించండి, ఒకటి అడ్డుపడినా రెండోది ఉంటుంది. ఎలుక వెల్లకిలా చాచుకుని, నోరు తెరిచి రొప్పుతుంటే వడదెబ్బ తగిలినట్టే. చన్నీళ్లలో ముంచకుండా మామూలు నీళ్లతో తోకను, పాదాలను తడిపి, వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.

<b>లోపలి సామాను ఇంట్లోదే</b>

ఖరీదైన బొమ్మలక్కర్లేదు. అంచు విరిగిన మట్టికుండ బోర్లిస్తే గూడు. మూడు, నాలుగు అంగుళాల పి.వి.సి. పైపు ముక్క వేస్తే సొరంగం. పాత రవికగుడ్డ నాలుగు మూలలూ కట్టి వేలాడదీస్తే ఉయ్యాల! పైనుంచి పడినా దెబ్బ తగలకుండా ఇది ఆపుతుంది కూడా. ఎత్తయిన పంజరంలో ఒకేసారి అడుగుకు మించి కింద పడకుండా మధ్య అంతస్తులుండాలి. తిరిగే చక్రం పెడితే 12 అంగుళాలది, ఊచలు లేని నిండు పళ్లెం లాంటిది కొనండి. చిన్న చక్రంలో వెన్ను వంగిపోతుంది, ఊచల చక్రంలో తోక ఇరుక్కుంటుంది.

<b>ఇంతకీ కడిగేదెవరు?</b>

అన్ని ఇళ్లల్లోనూ జరిగేది మనకు తెలుసు. మొదటి వారం పిల్లలు పోటీలు పడతారు. రెండో నెలకు ఆ పని అమ్మది! అందుకే పంజరం కొనేముందే వాటాలు వేయండి. తడిసిన మూలలు రోజూ తీయాలి. నీళ్ల సీసా రోజూ కడగాలి. వారానికోసారి ట్రే, అంతస్తులు సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఫినాయిల్ వాడకూడదు. ఆ పని పేరు రాసి ఫ్రిజ్ మీద అంటించండి. అందులో నాన్నగారి పేరు కూడా ఉండాలి. రోజుకో గంట, తలుపులు వేసిన గదిలో బయటకు వదలడం కూడా ఆ పట్టికలోదే.

ఎలుకను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కునే అలవాటు పిల్లలకు చేయండి. కరిస్తే పుండు సబ్బుతో కడిగి డాక్టరుకు చూపించండి. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే ముందే డాక్టరును అడగండి. ఎలుక మూత్రం, వెంట్రుకలు కొందరికి పడవు. కళ్లచుట్టూ ఎర్రటి మరక కనిపిస్తే రక్తమని హడలిపోకండి. దాని కంటి స్రావమే అలా ఎర్రగా ఉంటుంది. అయితే అది ఎక్కువైతే ఒంట్లో బాగాలేదనో, పంజరంలో బాగాలేదనో చెబుతున్నట్టు.

<b>వద్దనడం కూడా ప్రేమే</b>

ఇంత చోటు లేదు, వేసవి సెలవులన్నీ ఊళ్లోనే గడుస్తాయి, చూసేవారుండరు అనుకుంటే పిల్లలకు నచ్చజెప్పి వద్దనండి. అలక వారం రోజుల్లో పోతుంది. సరదా తీరాక "ఎక్కడో వదిలేస్తే బతుకుతుందిలే" అనుకోవడం మాత్రం తప్పు. చేతిలో పెరిగిన తెల్ల ఎలుక బయట ఒక్క రాత్రి నిలవడం కష్టం.

చోటూ, తీరికా ఉన్నవారు మాత్రం ముందు పంజరం కొని, సర్ది, వారం రోజులు ఇంట్లో ఉంచి చూడండి. ఖాళీ పంజరం ట్రేనే రోజూ తుడిచే పిల్లలైతే, ఎనిమిదో రోజున ధైర్యంగా దుకాణానికి తీసుకెళ్లవచ్చు.