చికెన్ లివర్ వద్దంటున్నారా? రక్తం తక్కువున్న వాళ్లు ఇది చదవాల్సిందే!

వత్సవాయి, జగ్గయ్యపేట, నందిగామ.. ఎక్కడైనా ఆదివారం మటన్ కొనాలంటే జేబు చూసుకోవాల్సిందే. అదే చికెన్ కొట్టులో లివర్, కందనకాయలు చవకగా దొరుకుతాయి. చవకే కదా అని తీసిపారేయొద్దు. 100 గ్రాముల చికెన్ లివర్‌లో దాదాపు 9 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. అదే బ్రెస్ట్ పీస్‌లో 1 మిల్లీగ్రాము కూడా ఉండదు. పైగా ఆకుకూరల ఐరన్ కంటే ఇది సులువుగా ఒంటికి పడుతుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఏపీలో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకే లివర్ వండిన రోజు ఇంట్లో ఆడవాళ్లకూ రెండు ముక్కలు మిగలాలి.

అయితే గర్భిణులు మాత్రం లివర్‌కు దూరంగా ఉండాలి. విటమిన్-ఎ మోతాదు మించితే కడుపులో బిడ్డకు ప్రమాదం. యూరిక్ యాసిడ్ సమస్య ఉన్నవాళ్లూ తగ్గించాలి. ఎవరు తిన్నా లోపల ఎరుపు పోయేదాకా ఉడికించాలి.