మనం నొక్కలేదు.. నొక్కించారు!

ఫోన్‌లో వార్త చదువుతుంటే ఉన్నట్టుండి తెరంతా కమ్మేస్తూ ఓ యాడ్ వస్తుంది. పైన కుడివైపు మూలన చిన్న ఇంటూ గుర్తు కనపడుతుంది. నొక్కితే యాడ్ పోవాలి. పోదు సరికదా, ఇంకో యాడ్ తెరుచుకుంటుంది. ఆ ఫోన్ ఇంట్లో పెద్దాయన చేతిలో ఉంటే పిల్లలనే మాట ఒక్కటే: ‘చూసుకుని నొక్కాలి కదా నాన్నా!’

తప్పు నాన్నది కాదని చెప్పే కాగితం ఒకటి ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, 2023 నవంబరు 30న జారీ చేసిన మార్గదర్శకాలవి. అందులో సరిగ్గా ఈ ఇంటూ గుర్తు ప్రస్తావనే ఉంది. పైమూలన ఉన్న గుర్తు యాడ్‌ను మూయకుండా మరో యాడ్‌ను తెరిస్తే అది వినియోగదారుణ్ని తప్పుదారి పట్టించడమేనని ఉదాహరణగా రాసి చూపించారు. ఆన్‌లైన్‌లో మనచేత అనుకోని పనులు చేయించే ఇలాంటి ఎత్తుల్ని డార్క్ ప్యాటర్న్స్ అంటున్నారు. మార్గదర్శకాల్లో 13 రకాల్ని గుర్తించారు. ముసాయిదాలో 10 ఉంటే, జనాభిప్రాయం తీసుకున్నాక మూడు చేరాయి.

ఈ మార్గదర్శకాల అసలు బలం చివర్లో ఉన్న అనుబంధంలో ఉంది. ప్రభుత్వ ఉత్తర్వు చదువుతున్నామా, మన ఫోన్ తెరను ఎవరో పక్కన కూర్చుని చూసి రాశారా అనిపిస్తుంది. ‘రెండే గదులు మిగిలాయి! ఇప్పుడే ఇంకో 30 మంది చూస్తున్నారు’ అని హోటల్ బుకింగ్‌లో తొందరపెట్టడం అందులో ఉంది. సెలూన్‌లో ఒక్క సేవ కోసం డబ్బు కట్టబోతే చందా కూడా బిల్లులో దూరడం ఉంది. విమానం టికెట్ కొంటుంటే అడగకుండానే ప్రయాణ బీమా చేరిపోవడం ఉంది. చదరంగం ఉచితమని చెప్పి డౌన్‌లోడ్ చేయించి, ఏడు రోజులయ్యాక ఆట సాగాలంటే డబ్బు కట్టమనే యాప్ గురించి కూడా రాశారు.

అన్నిటికన్నా మనసును గుచ్చేది సిగ్గుపడేలా చేసి ఒప్పించే ఎత్తు. బీమా వద్దన్నవారి ముందు ‘నేను రక్షణ లేకుండానే ఉంటాను’ అన్న బటన్ పెడతారు. ఇంకో ఉదాహరణ ఇంతకన్నా ఘోరం. అడక్కుండానే బిల్లులో విరాళం కలుపుతారు. తీసేయాలంటే ‘దానధర్మాలు డబ్బున్నవాళ్లకి, నాకు పట్టదు’ అని రాసి ఉన్న చోట నొక్కాలి. డబ్బులు లెక్కచూసుకుని టికెట్ కొనుక్కునే మనిషి చేత ఆ మాట ఒప్పించడం ఎంత అవమానం! అయిదో పదో పోతే పోనీ, ఆ మాట మీద మాత్రం వేలు పెట్టలేక ఊరుకునేవాళ్లు ఎందరో. ఆ మొహమాటాన్నే ఇక్కడ సొమ్ము చేసుకుంటున్నారు.

తికమక ప్రశ్నకు ఇచ్చిన ఉదాహరణను కాస్త నెమ్మదిగా చదవాలి. ‘మా కొత్త సరుకు, తగ్గింపుల సమాచారం ఇకమీదట రాకుండా ఆపేయమంటారా?’ అన్నది ప్రశ్న. జవాబుల్లో ఒకటి ‘అవును, నాకు సమాచారం కావాలి’. రెండోది ‘ఇప్పుడు కాదు’. ఆపమని చెప్పడానికి ‘అవును’ అని నొక్కితే కావాలన్నట్టు అవుతుంది. ‘ఇప్పుడు కాదు’ అంటే ఆపడం వాయిదా పడుతుంది. రెండింట్లో ఏది నొక్కినా మెసేజీలు వస్తూనే ఉంటాయి. ఇందులో చదువుకున్నవారు, చదువుకోనివారు అన్న తేడా లేదు. జవాబే లేని చోట ఎవరు మాత్రం సరిగ్గా నొక్కగలరు?

‘యాప్ వేయించుకోండి’, ‘నోటిఫికేషన్లు ఆన్ చేయండి’ అని పదేపదే అడుగుతూ ‘వద్దు’ అనే వీలే ఇవ్వకపోవడం, ఇవ్వనవసరం లేని ఆధార్, క్రెడిట్ కార్డు వివరాల కోసం బలవంతపెట్టడం, ప్రకటనను వార్తలాగానో మామూలు మనిషి అభిప్రాయంలాగానో చూపించడం కూడా జాబితాలో ఉన్నాయి. ఈ చివరిది తెలుగువాళ్లకు కొత్తేం కాదు. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారంటూ సినీతారలు, యూట్యూబర్ల మీద 2025 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు కేసులు పెట్టారు.

మరి ఈ కాగితంతో మారిందేమిటి? కొంత మారింది. సినిమా టికెట్లమ్మే బుక్‌మైషోలో ఒక్కో టికెట్‌కు ఒక్కో రూపాయి చొప్పున విరాళం దానంతటదే బిల్లులో చేరేది. దీనిపై జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు వెళ్లింది. సీసీపీఏ కలగజేసుకున్నాక, ఇష్టమైతేనే ఇచ్చేలా దాన్ని మార్చారు. ఒక రూపాయి! శుక్రవారం మొదటి ఆటకు టికెట్ దొరికితే చాలనుకునే మన అభిమానుల్లో ఆ రూపాయిని గమనించినవారెందరు? ఎవరో ఒకరు గమనించారు, ఊరుకోకుండా ఫిర్యాదు చేశారు. దాంతో లక్షల మంది బిల్లు మారింది. వారికి ఈ పత్రిక తరఫున నమస్కారం.

కాగితంలో బలహీనతలూ ఉన్నాయి. ఉదాహరణలు మార్గదర్శనం కోసమేననీ, వాటిని చట్టానికి వ్యాఖ్యానంగా తీసుకోకూడదనీ అనుబంధం మొదట్లోనే ఉంది. శిక్షల కోసం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దగ్గరికే వెళ్లాలి. తప్పుదారి పట్టించే ప్రకటనకు ఆ చట్టం ప్రకారం సీసీపీఏ వేయగల జరిమానా రూ.10 లక్షల వరకు, మళ్లీ చేస్తే రూ.50 లక్షల వరకు. కోట్లలో వ్యాపారం చేసే సంస్థకు అదేపాటి?

2025 జూన్‌లో సీసీపీఏ ఆన్‌లైన్ వ్యాపార సంస్థలన్నిటికీ ఓ సూచన చేసింది. మూడు నెలల్లోగా ఎవరి యాప్‌ను వారే తనిఖీ చేసుకుని, ఇలాంటివి లేవని ప్రకటించమంది. నవంబరు నాటికి 26 పెద్ద సంస్థలు తమ దగ్గర డార్క్ ప్యాటర్న్స్ లేవని రాసిచ్చాయి. రాసివ్వడం మంచిదే. కానీ పరీక్ష రాసినవాళ్లే పేపరు దిద్దుకుంటే మార్కులను నమ్మేదెలా? ఈ మధ్యలోనే, అక్టోబరులో, సరుకు చేతికొచ్చాక డబ్బిస్తామంటే అదనంగా వసూలు చేస్తున్నారన్న ఫిర్యాదులపై విచారణ మొదలైందని కేంద్రమంత్రి ప్రహ్లాద్ జోషి స్వయంగా ప్రకటించారు. అందుకే సంస్థలతో సంబంధం లేని నిపుణులు తనిఖీ చేయాలి. ఆ నివేదికలు తెలుగు సహా అన్ని భాషల్లో జనం ముందు పెట్టాలి.

డార్క్ ప్యాటర్న్స్ అన్న పేరు పుట్టుక గురించి రెండు ముక్కలు. బ్రిటన్‌కు చెందిన డిజైనర్ హ్యారీ బ్రిగ్నల్ 2010లో దీన్ని వాడుకలోకి తెచ్చి, ఎవరెవరు ఏమేం చేస్తున్నారో జాబితా కట్టడం మొదలుపెట్టారు. ఆ తరవాత ఐరోపా సమాఖ్య డిజిటల్ సేవల చట్టంలో వీటిపై నిషేధం పెట్టింది. పిల్లలు ఎగబడి ఆడే ఫోర్ట్‌నైట్ ఆటలో ఒక్క బటన్‌తో తెలియకుండా కొనుగోళ్లు జరిగిపోతున్నాయని అమెరికా వాణిజ్య కమిషన్ కేసు పెడితే, ఎపిక్ గేమ్స్ 24.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి 2022లో ఒప్పుకుంది.

వదిలించుకోవడమే ఓ యుద్ధం

అమెజాన్ ప్రైమ్ సభ్యత్వాన్ని రద్దు చేసుకునే పాత దారికి ఆ సంస్థ లోపల పెట్టుకున్న పేరు ‘ఇలియడ్’. ట్రోజన్ యుద్ధం మీద హోమర్ రాసిన పెద్ద కావ్యం పేరది. నాలుగు పేజీలు, ఆరు క్లిక్కులు, 15 ఎంపికలు దాటితేగానీ రద్దయ్యేది కాదని అమెరికా వాణిజ్య కమిషన్ 2023లో సియాటిల్ కోర్టులో వేసిన దావాలో పేర్కొంది. 2025 సెప్టెంబరులో అమెజాన్ 250 కోట్ల డాలర్లకు రాజీ పడింది. అందులో 150 కోట్లు వినియోగదారులకు తిరిగివ్వడానికే. మన దగ్గర గరిష్ఠ జరిమానా పక్కన ఈ అంకెను పెట్టి చూడండి.

కార్డు నుంచి డబ్బు పోకముందే

‘మొదటి నెల ఉచితం’ అని కార్డు వివరాలు తీసుకుని, ఆ తరవాత చడీచప్పుడు లేకుండా డబ్బు లాగే చందాలకు రిజర్వు బ్యాంకు నిబంధన ఒకటి అడ్డుంది. కార్డు నుంచి ప్రతినెలా దానంతటదే డబ్బు కట్ అయ్యే ఏర్పాటుంటే, కనీసం 24 గంటల ముందు బ్యాంకు మెసేజ్ పంపాలి. వద్దనుకుంటే అప్పుడే ఆపుకొనే వీలుండాలి. ఆ మెసేజ్‌ను యాడ్ అనుకుని తుడిచేయకండి.

అడగని ఫోన్లు

ప్రచారం కోసం చేసే కాల్స్ 140తో, బ్యాంకుల్లాంటి సంస్థలు సేవల కోసం చేసేవి 1600తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలన్నది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం. మామూలు పది అంకెల నంబరు నుంచి లోనిస్తాం, ప్లాటిస్తాం అని విసిగిస్తే 1909కి ఫిర్యాదు చేయొచ్చు. దీనికి ఇదివరకు మూడు రోజులే గడువుండేది. 2025లో ఏడు రోజులకు పెంచారు.

ఫిర్యాదు ఎలా?

బిల్లులో అడగనిది చేరినా, ‘క్యాన్సిల్’ ఎక్కడుందో దొరక్కపోయినా ముందు స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. డబ్బు కట్టకముందు చూపిన ధర ఒకటి, కట్టేటప్పుడు పడిన ధర మరొకటి అయితే రెండూ తీయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. వాట్సాప్‌లో అయితే 8800001915. రూపాయే కదా అని వదిలేయకండి. 1915లో తెలుగులోనూ మాట్లాడతారు.