గులాబీ రంగు మందు



పోయిన సెలవులకి మన్యంలో మా ఊరు వెళ్ళినప్పుడు నాకు చలిజ్వరం వచ్చింది. వేలు పొడిచి రక్తం చూసి మలేరియా అన్నారు. క్లోరోక్విన్ మాత్రలు ఇచ్చారు. మాత్ర వేసుకున్న కాసేపటికి పొట్టలో ఒకటే మంట. ఇంట్లో గులాబీ రంగు గ్యాస్ మందు సీసా ఉంటే రెండు మూతలు తాగేశాను. నర్సమ్మగారు చూసి "మాత్ర వెంటనే ఇదెందుకు తాగావే?" అని కేకలేశారు. ఎందుకు తాగకూడదో అప్పుడే అడిగి తెలుసుకున్నాను.

మన పొట్టలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఊరుతుంది. అన్నం అరగడానికి అది కావాలి. అది పైకి తన్నితే గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు వస్తాయి. మన ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ నెయ్యి పూసినవి నాలుగైదు తిని వెంటనే పడుకుని చూడండి, నేను చెప్పేది తెలుస్తుంది!

జెలుసిల్, డైజీన్ లాంటి మందుల్లో అల్యూమినియం హైడ్రాక్సైడు ఉంటుంది. ఇది క్షారం. ఆమ్లంతో కలిస్తే అల్యూమినియం క్లోరైడు, నీరు అవుతాయి, మంట తగ్గుతుంది. ఇదొక్కటే తాగితే మలబద్ధకం వస్తుంది. మెగ్నీషియం హైడ్రాక్సైడు ఒక్కటే తాగితే విరేచనాలు అవుతాయి. అందుకని రెండూ కలుపుతారు. మనం అన్నం వండే గిన్నెల లోహం కూడా అల్యూమినియమే, బాక్సైట్ రాయి నుంచి తీస్తారు. విశాఖ మన్యం కొండల్లో ఆ రాయి ఉంది. మా అమ్మమ్మకి చెబితే "కొండరాయి మందవుద్దా?" అని నవ్వింది.

ఈ మందు ఆమ్లంతోనే ఊరుకోదు. పొట్టలో ఉన్న వేరే మందుల్ని కూడా పట్టేసుకుంటుంది. అలా పట్టుకున్నది రక్తంలోకి సరిగా ఎక్కదు, దొడ్డికి పోతుంది. క్లోరోక్విన్ అంతే, డాక్సీసైక్లిన్ అంతే, ఐరన్ మాత్రా అంతే. వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర వేసుకుని, వికారంగా ఉందని కొందరు అక్కలు వెంటనే ఈ మందు తాగడం నేను చూశాను. పేర్లు రాయను. రక్తం పట్టాలని మింగింది వృథా అయిపోతోంది కదా అక్కా? మాత్రకీ ఈ మందుకీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. క్లోరోక్విన్‌కి అయితే నాలుగు గంటలు.

కిడ్నీలు బాగున్నవాళ్ళకి ఒంట్లోకి చేరిన కొంచెం అల్యూమినియం మూత్రంలో పోతుంది. పాడైనవాళ్ళకి పోదు, ఎముకల్లో, మెదడులో చేరిపోతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు చాలామందికి ఉంది. అలాంటివాళ్ళు డాక్టరుగారిని అడక్కుండా దీన్ని తాగకూడదు.

సీసా బాగా కదిపి, అన్నం తిన్న గంటకి తాగితే ఎక్కువసేపు పని చేస్తుంది. కొలత సీసా మీద రాసి ఉంటుంది. తియ్యగా ఉందని చప్పరించకండి. రెండు వారాలైనా మంట తగ్గకపోయినా, విరేచనం తారులా నల్లగా అయినా, రక్తం కక్కుకున్నా ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంట్లో పెద్దవాళ్ళకి గుండె బరువెక్కి చెమటలు పడితే గ్యాసే అనుకుని ఇది తాగించి కూర్చోకండి, అది గుండెపోటు కావచ్చు.

నర్సమ్మగారు చెప్పాక నేను పొద్దున్న అన్నం తిని మలేరియా మాత్ర వేసుకునేదాన్ని. మంటగా ఉంటే గులాబీ మందు మధ్యాహ్నం భోజనం అయ్యాకే.