కడుపు పండే హక్కు కూలీలకు లేదా?

చేవెళ్ల నుండి మొయినాబాద్ వైపు పోయే మర్రిచెట్ల రోడ్డు మీద తెల్లవారకముందే కూలీల ఆటోలు బయలుదేరుతాయి. క్యారెట్ తీయడానికి, బీట్‌రూట్ కడగడానికి, చామంతులు, గులాబీలు కోయడానికి ఆడవాళ్లు గుంపులుగా పోతుంటారు. పొద్దెక్కేసరికి ఆ పూలు గుడిమల్కాపూర్ మార్కెట్టుకు చేరాలి. ఆలస్యమైతే ధర పడిపోతుంది, మేస్త్రీ అరుస్తాడు.

మేము ఈ ఊళ్లలో తిరిగింది కూలి రేట్ల గురించి, ఇళ్ల జాగాల గురించి తెలుసుకోవడానికి. ఆడవాళ్లు ఆ సంగతులన్నీ చెప్పారు. మగవాళ్లు బీడీలు ముట్టించుకోవడానికి పక్కకు పోయాక ఒక చెల్లెలు మాలోని మహిళా కార్యకర్తను చేనుగట్టుకు పిలిచింది.

"అక్కా, నా ముచ్చట గూడ రాస్తరా? లగ్గమయి ఆరేండ్లాయె. ముట్టు సక్కగ రాదు. ఒకపారి రెండు నెలలకొస్తది, ఒకపారి నాలుగు నెలలైనా రాదు. రాకపోతే కడుపైందనుకుంటం. మా అత్త కొబ్బరికాయ గూడ కొట్టింది. మల్ల వారానికి ముట్టాయె. ఎన్నిసార్లని ఆశ పడాలె?"

మన భాషలో "నెల తప్పింది" అంటే శుభవార్త. కాని ముట్టు క్రమం తప్పిన ఆడదానికి ఆ మాటే శిక్ష. నెల తప్పిన ప్రతిసారీ ఇంట్లో ఆశ పుడుతుంది. నెత్తురు కనపడిన నాడు ఆ ఆశ చస్తుంది. మరునాడు పొద్దున్నే యథాప్రకారం ఆటో ఎక్కి పూలు కోయడానికి పోవాలి. ఈ బాధ సంఘం మీటింగుల్లో ఎవరూ ఎత్తరు. మేము కూడా ఇన్నాళ్లూ ఎత్తలేదు. ఆ లోపం ఒప్పుకొనే ఈ వ్యాసం రాస్తున్నాం.

ఒక్క చెల్లెలి కథ కాదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి 6గురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. ధనిక దేశమైనా, పేద దేశమైనా ఈ లెక్కలో పెద్ద తేడా లేదు. తేడా అంతా చికిత్స అందడంలోనే ఉంది. కలిగినవాళ్లకు ఇది జబ్బు. లేనివాళ్లకు తలరాత.

పైగా ఊళ్లో దీనికి పెట్టిన పేరు "గొడ్రాలు". ఆడదానికి ఈ పేరుంది. మగవాడికి ఇంతగా వాడుకలో ఉన్న తిట్టు మాట ఏదైనా ఉందా? శ్రీమంతానికి పిలవరు, పురుడు పోసుకున్న ఇంటికి రానియ్యరు. మూడేళ్లు గడిస్తే మొగునికి రెండో పెండ్లి మాట ఎత్తుతారు.

చిలుకూరు గుడికి పోయి 11 ప్రదక్షిణలు చేసి, కోరిక తీరితే 108 చేస్తామని మొక్కుకునేవాళ్లలో పిల్లల కోసం పోయేవాళ్లు కూడా ఉన్నారు. మొక్కు ఎవరి నమ్మకం వాళ్లది, దాన్ని మేము తప్పు పట్టం. కాని మొక్కుతోపాటు పరీక్ష కూడా కావాలి. ఆ పరీక్ష చేసే చోటు కూలి మనిషికి అందుబాటులో ఉండాలి.

ముట్టు లెక్క తెలుసుకుందాం

ఒక ముట్టు మొదటి రోజు నుండి మరుసటి ముట్టు మొదటి రోజు దాకా లెక్కపెడితే 21 నుండి 35 రోజుల్లోపు ఉండడం మామూలు. రెండు మూడు రోజులు అటూ ఇటూ అయితే భయపడాల్సిన పని లేదు. ఎప్పుడూ 35 రోజులు దాటుతున్నా, నెలల తరబడి రాకపోయినా అండం విడుదల సక్రమంగా జరగడం లేదని అనుమానించాలి.

"పద్నాలుగో రోజు కలిస్తే కడుపొస్తది" అని చాలామంది చెబుతారు. ఇది 28 రోజుల ముట్టు ఉన్నవాళ్ల లెక్క. అండం విడుదలయ్యేది రాబోయే ముట్టుకు సుమారు 14 రోజుల ముందు. 40 రోజులకొకసారి ముట్టు అయ్యేవాళ్లకు అది దాదాపు 26వ రోజున జరుగుతుంది. క్రమమే లేనివాళ్లకు రోజులు లెక్కపెట్టి లాభం లేదు. వారంలో రెండు మూడు సార్లు కలవడమే సులువైన పద్ధతి.

క్రమం ఎందుకు తప్పుతుంది? ఎక్కువగా కనపడే కారణం పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య. పిల్లలు కనే వయసులోని ప్రతి 100 మంది ఆడవాళ్లలో సుమారు 10 మందికి ఇది ఉంటుంది. వాళ్లలో చాలామందికి తమకు ఆ జబ్బు ఉందనే తెలియదు. ముట్టు ఆలస్యం కావడం, ముఖం మీద వెంట్రుకలు, మొటిమలు, ఒళ్లు రావడం దీని గుర్తులు. ఒళ్లు రాకుండా కూడా ఇది ఉండవచ్చు. థైరాయిడ్ లోపం, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరగడం కూడా కారణాలే.

ఇంకో కారణం మన కూలీలు బాగా ఎరిగినది. కడుపుకు చాలని తిండితో, పొద్దస్తమానం వంగి పనిచేసే ఒంటికి శక్తి చాలనప్పుడు శరీరం ముందుగా ఆపేసేది ముట్టునే. అలాంటి చెల్లెలికి మందుకన్నా ముందు అన్నం కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ల ఆడవాళ్లలో 100కు 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. కూరగాయలు పండించే చేతులకే ఆకుకూర అందని పరిస్థితి ఇది.

పరీక్ష ఇద్దరికీ చేయాలి

ఏడాదిపాటు కలిసి కాపురం చేసినా కడుపు రాకపోతే దవాఖానకు పోవాలి. భార్యకు 35 ఏళ్లు దాటితే 6 నెలలకే పోవాలి. ముట్టు క్రమం తప్పిన వాళ్లు మాత్రం ఏడాది ఆగనక్కర లేదు, వెంటనే పోవచ్చు.

పిల్లలు కాని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కారణం కూడా ఉంటుంది. అయినా ఆడదాన్ని పది దవాఖానలు తిప్పినాక కూడా మొగుడు ఒక్క వీర్య పరీక్షకు ఒప్పుకోడు. ఇది అన్నిటికన్నా సులువైన పరీక్ష, కోత లేదు, సూది లేదు. 2 నుండి 7 రోజులు కలవకుండా ఉండి నమూనా ఇస్తే చాలు. కార్యకర్తలు మగ కూలీలకు ఈ మాట సూటిగా చెప్పాలి: పరీక్ష చేయించుకుంటే మగతనం పోదు. బీడీ, సారా మానితే వీర్యం బాగుపడే అవకాశం ఉంది. కొత్త వీర్యకణాలు తయారు కావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది కనుక ఓపిక పట్టాలి.

భార్యకు ముందు కడుపు ఉందో లేదో చూసే మూత్ర పరీక్ష చేయాలి. ఇది చేయకుండా ముట్టు రావడానికి గోలీలు, సూదులు ఇచ్చేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. అది ప్రమాదం. తరవాత థైరాయిడ్, ప్రొలాక్టిన్, చక్కెర పరీక్షలు, స్కానింగు, అవసరమైతే గర్భనాళాలు తెరుచుకొని ఉన్నాయా అని చూసే ఎక్స్‌రే. మన దేశంలో గర్భనాళాలు మూసుకుపోవడానికి క్షయ కూడా ఒక కారణమని మరవకూడదు.

చికిత్స పెద్దదేం కాదు

పీసీఓఎస్ ఉన్నవాళ్లకు మొదట ఇచ్చే మందు లెట్రోజోల్ అనే మాత్ర. ముట్టు మొదలైన తొలి రోజుల్లో 5 రోజులు వేసుకోవాలి. అండం పెరుగుతోందా అని స్కానింగులో చూస్తారు. దీన్ని సంతానలేమికి వాడరాదని మన ప్రభుత్వం 2011లో నిషేధించి, 2017లో ఆ నిషేధం ఎత్తివేసింది. డాక్టరు చీటీ లేకుండా ఇది వాడరాదు. ఒళ్లు బరువున్నవాళ్లు వందకు 5 నుండి 10 వంతుల బరువు తగ్గినా కొందరికి ముట్టు దారికొస్తుంది. కడుపు కోసం ప్రయత్నించే ప్రతి స్త్రీ రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర ముందునుండే వేసుకోవాలి. బిడ్డ వెన్నెముక లోపాలను అది చాలావరకు నివారిస్తుంది.

అంటే చాలామందికి కావలసింది లక్షల ఖర్చు కాదు. ఓపికగా చూసే డాక్టరు, ఒక స్కానింగు మిషను, కొన్ని మాత్రలు. మరి అవి ఎందుకు అందడం లేదు?

లెక్క వేయండి. అండం పెరుగుదల చూడడానికి నెలకు నాలుగు తిరుగుళ్లు అనుకుందాం. రోజు కూలి 500 అనుకున్నా భార్యాభర్తలిద్దరికీ 4,000 రూపాయల కూలి పోతుంది. బస్సు చార్జీలు, బయటి ల్యాబు బిల్లులు వేరు. స్కానింగుకు రమ్మన్న రోజే పూలకోత ఉంటే మేస్త్రీ వేరే మనిషిని పెట్టుకుంటాడు. మూడో నెలకు చికిత్స ఆగిపోతుంది. మళ్లీ మొదటికి.

2023 అక్టోబరులో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం ప్రారంభించారు. అది మంచి అడుగు. కాని కందవాడ నుండో, తోల్‌కట్ట నుండో గాంధీకి పోయి రావడమంటే పూర్తిగా ఒక రోజు కూలి. మొదటి దశ పరీక్షలు, మాత్రలు చేవెళ్లలోనే అందితే వందలో ఎంతోమందికి పట్నం పోయే పనే ఉండదు.

సర్కారు దారి చూపనప్పుడు రంగురంగుల బోర్డులు దారి చూపుతాయి. పిల్లలు లేని జంటను చూడగానే పరీక్షనాళిక బిడ్డ అంటూ లక్షలు అడిగే వ్యాపారం పెరిగింది. 2025 జూలైలో సికింద్రాబాదులో ఒక సంతాన సాఫల్య కేంద్రం నిర్వాహకులను పోలీసులు అరెస్టు చేశారు. అద్దెగర్భం పేరుతో డబ్బు తీసుకొని వేరేవాళ్ల బిడ్డను అప్పగించారన్నది ఆరోపణ. 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటి ప్రతి కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉండాలి, రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. అదే ఏడాది వచ్చిన మరో చట్టం డబ్బుకు అద్దెగర్భాన్ని నిషేధించింది. పోయేముందు రిజిస్ట్రేషన్ చూపమని అడగడం మన హక్కు.

సంచి తీసెయ్యడమే వైద్యమా?

ముట్టు బాగాలేదని పోతే గర్భసంచి తీసేసే దుర్మార్గం కూడా మన దగ్గర తక్కువేం కాదు. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 100కు 3గురు ఉంటే, తెలంగాణలో దాదాపు 8 మంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు కొట్టే కూలీలలో వేలమందికి ఈ ఆపరేషన్ చేశారని 2019లో బయటపడింది. ముట్టు వస్తే పని చెడుతుంది, పని చెడితే జరిమానా. అందుకు సంచే తీయించుకున్నారు. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను 3 నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది.

మందు కొట్టే చేతులు

1977లో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం లాత్రోప్ అనే ఊళ్లో పురుగుమందుల ఫ్యాక్టరీ కార్మికులు ఒక సంగతి గమనించారు. తమలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదు. పరీక్ష చేయిస్తే వీర్యకణాలు పడిపోయినట్టు తేలింది. డీబీసీపీ అనే మందు దానికి కారణం. 1979లో అమెరికా తన నేలమీద దాని వాడకాన్ని దాదాపు పూర్తిగా ఆపింది. అయినా మధ్య అమెరికా అరటి తోటల కూలీలు దానికి బలయ్యారు, ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడారు. ఇక్కడ గుర్తించవలసింది ఒకటే. ఆ నిజాన్ని మొదట పట్టుకున్నది కంపెనీ డాక్టర్లు కాదు, తమలో తాము మాట్లాడుకున్న కార్మికులు. మన కూరగాయల, పూల తోటల్లో చేతులకు తొడుగు లేకుండా మందు కొట్టేవాళ్లు, కొట్టిన మరునాడే కోతకు దిగేవాళ్లు ఈ కథ వినాలి.

పేదల గర్భం ఎవరి లెక్కలో ఉంది?

పేదవాళ్ల గర్భాన్ని పాలకులు ఎప్పుడూ ఒక వైపు నుండే చూశారు. అత్యవసర పరిస్థితి కాలంలో 1976-77లో దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. మన రంగారెడ్డి జిల్లాలోనే 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజు 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. పిల్లలు వద్దనడానికి క్యాంపులున్నాయి, లెక్కలున్నాయి. పిల్లలు కావాలన్న కూలి దంపతుల పేర్లు రాసుకునే రిజిస్టరు ఏది? కనాలా వద్దా అన్నది ఆ స్త్రీ నిర్ణయం. వద్దన్నప్పుడు క్షేమంగా ఆపడం, కావాలన్నప్పుడు సాయపడడం, రెండూ సర్కారు బాధ్యతే.

జలాశయాల చుట్టూ ఎకరం కోట్లు పలికే నేల ఇది. 111 జీవో ఉంచాలా, ఎత్తాలా అని ఏళ్ల తరబడి వాదించారు. ఆ ఫాంహౌసుల తోటల్లో పనిచేసే చెల్లెలికి ఒక థైరాయిడ్ పరీక్ష గురించి ఎవరూ వాదించలేదు.

మన కోర్కెలు

చేవెళ్ల ప్రభుత్వ దవాఖానలో వారానికి ఒక రోజు పిల్లలు లేని దంపతుల కోసం కేటాయించాలి. స్కానింగు, హార్మోన్ల పరీక్షలు, వీర్య పరీక్ష, మాత్రలు అక్కడే ఉచితంగా ఇవ్వాలి. చికిత్సకు పోయిన రోజులకు కూలి పరిహారం చెల్లించాలి. పెద్ద చికిత్స అవసరమైతే ఆరోగ్యశ్రీ కింద పూర్తి ఖర్చు భరించాలి. గర్భసంచి ఆపరేషన్ల మీద తనిఖీ జరపాలి. మందు కొట్టే కూలీలకు తొడుగులు యజమాని ఇవ్వాలి.

కార్యకర్తలు ఒక పని ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు. ప్రతి ఊళ్లో ఆడవాళ్ల మీటింగు వేరుగా పెట్టండి. క్యాలెండరు మీద ముట్టు తేదీ గుర్తుపెట్టుకోమని చెప్పండి. ఆ తేదీలే డాక్టరుకు కావలసిన మొదటి కాగితం. మగవాళ్ల మీటింగులో వీర్య పరీక్ష సంగతి ఎత్తండి. గొడ్రాలు అన్న మాట సంఘం గడపలో వినపడకూడదని తీర్మానం చేయండి.

మేము తిరిగి వచ్చేటప్పుడు ఆ చెల్లెలు మా కార్యకర్తతో, "అక్కా, మల్ల మీరొచ్చే నాటికి నా మొగన్ని పరీక్షకు ఒప్పిస్త. మీరు దవాఖానల గా దినం పెట్టిపియ్యుండ్రి" అన్నది. తన వంతు ఆమె చెప్పింది. మిగిలింది మన వంతు.