బ్రైటన్ బ్యాలెట్‌లో కనిపించని కులం

2023 మే 4న ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్ అండ్ హోవ్ నగర మండలి ఎన్నికల్లో లేబర్ పార్టీ 54 స్థానాలకుగాను 38 గెలుచుకుంది. 2011లో బ్రిటన్‌లోనే తొలి గ్రీన్ పాలకవర్గాన్ని అక్కడ నిలబెట్టిన గ్రీన్ పార్టీ ఏడుగురు సభ్యులకు కుంగిపోయింది. చెత్త సేకరణ, కాలిబాటల మీది కలుపు మొక్కలు ప్రచారాన్ని ఆక్రమించాయి.

నన్ను ఆకర్షించింది ఫలితం కాదు, ఓటరు జాబితా. అక్కడ నివసించే భారతీయులు, విద్యార్థులు సైతం, కామన్వెల్త్ పౌరులుగా ఓటు వేయవచ్చు. ఆ ఏడాది నుంచి తప్పనిసరైన ఫొటో గుర్తింపునకు మన పాస్‌పోర్టు చెల్లుతుంది. ఈ సంగతి మనవాళ్లలో ఎందరికి తెలుసు?

మన పురపాలికల్లో ఎస్సీ, ఎస్టీలకు జనాభా నిష్పత్తిలో స్థానాలు కేటాయించాలని 74వ రాజ్యాంగ సవరణ నిర్దేశించింది. అక్కడ అలాంటి ఏర్పాటు లేదు. అయినా కులం ఆ దేశానికి కొత్త మాట కాదు. సమానత్వ చట్టంలో దాన్ని చేర్చాలని 2013లో పార్లమెంటు ఆదేశించింది. కొన్ని హిందూ సంఘాల అభ్యంతరాల నడుమ ప్రభుత్వం 2018లో వెనక్కు తగ్గి, కోర్టు తీర్పులే చాలంది. ఇంటిపేరు ఆరా తీసి గది నిరాకరిస్తే, అది 'జాతి మూలాల' పరిధిలోకి వస్తుందని బాధితుడే వాదించుకోవాలి.

కౌన్సిలర్ చట్టాన్ని మార్చలేడు, నిజమే. కానీ వివక్ష నిర్మూలనపై శ్రద్ధ వహించే బాధ్యతను అదే చట్టం స్థానిక మండళ్లపైనా మోపింది. గడప తొక్కిన అభ్యర్థిని చెత్త బండి గురించి అడిగినట్టే కులం గురించీ అడగాలి. ఓటరు నమోదు గడువు పోలింగుకు 12 పనిదినాల ముందే ముగుస్తుంది.