కారుచిచ్చు హెచ్చరికలు: పాడి రైతు తెలుసుకోవలసినవి

వేసవి ముదిరేసరికి కొండవీటి కొండల మీద గడ్డి, పొదలు పూర్తిగా ఎండిపోతాయి. ఆర్పకుండా పారేసిన చుట్టముక్క ఒక్కటి చాలు. ఎడ్లపాడు మండలంలో కొండ వారన చావిళ్ళు, గడ్డివాములు ఉన్న మన సభ్యులు హెచ్చరికలను సరిగా అర్థం చేసుకోవడం అవసరం.

ముందుగా రంగుల సంగతి. వాతావరణ శాఖవారి పసుపు రంగుకు గమనిస్తూ ఉండండని, నారింజకు సిద్ధపడండని, ఎరుపుకు చర్య తీసుకోండని అర్థం. వేసవిలో వచ్చే ఈ రంగులు వడగాల్పులకు సంబంధించినవి. నిప్పు అంటుకున్నదని అవి చెప్పవు. ఆ రోజు అంటుకుంటే ఆర్పడం కష్టమని మనమే గ్రహించాలి.

నిప్పు కబురు వేరే దారిన వస్తుంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల ద్వారా అడవి మంటలను కనిపెట్టి అటవీ సిబ్బందికి తెలియజేస్తుంది. పేరు నమోదు చేసుకున్నవారికి ఫోనులో సందేశం పంపుతుంది. అయితే ఉపగ్రహం మన నెత్తిన ఎల్లవేళలా నిలిచి ఉండదు. రోజులో కొన్నిసార్లు మాత్రమే దాటిపోతుంది. అది చూపే ఒక్కొక్క చుక్క సుమారు 375 మీటర్ల చదరం. చిన్న మంట కంటబడకపోవచ్చు. కనుక సందేశం రాలేదని నిశ్చింతగా ఉండరాదు. కొండ మీద పొగ లేస్తే అదే మొదటి హెచ్చరిక.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2009 ఫిబ్రవరి 7న చెలరేగిన కారుచిచ్చులకు 173 మంది బలయ్యారు. ఆ దేశంలో ఇప్పుడు మంటల హెచ్చరికలకే మూడు మెట్లున్నాయి. ఆఖరి మెట్టు వచ్చేసరికి దారులు మూసుకుపోవచ్చు గనుక ముందే కదలమని అక్కడ చెబుతారు.

ఈ మాట మనుషుల కంటె గొడ్లకు ఎక్కువ వర్తిస్తుంది. మనిషి పరుగెత్తగలడు, పలుపుతో గుంజకు కట్టిన గేదె ఎక్కడికి పోగలదు? చూడి గేదెలు, దూడలు నెమ్మదిగా నడుస్తాయి. అందుచేత పొగ కనబడగానే వాటిని ముందు తోలాలి. మంట ఎగువకు వేగంగా పాకుతుంది కనుక కొండ వైపు తోలరాదు. దున్నిన చేనుగాని, తడి పొలంగాని మేలు. తోలే వ్యవధి లేకపోతే పలుపులు కోసి వదలండి. తాడు పోయినా గొడ్డు దక్కుతుంది. గడ్డివామిని చావిడికి ఆనించి వేసే అలవాటు మాత్రం మనవాళ్ళు ఇంకా మానలేదు!

అగ్నిమాపక కేంద్రానికి 101, అత్యవసర సహాయానికి 112 నంబర్లకు ఫోను చేయవచ్చు. ఊరిపేరుతోపాటు కొండకు ఏ వైపున పొగ ఉన్నదో, బండి వచ్చే దారి ఏదో కూడా చెప్పండి.