చలిజ్వరము – నాట్ల కాలము

సదర్మాటు కాలువనీరు పారునంత మేర ఖానాపురము పొలములు పచ్చగా నుండును. ఆ నీరే కదలక నిలిచినచోట దోమలను పెంచును. నాట్లవేళ రైతు చలిజ్వరముతో మంచము పట్టినచో నారు ముదురును, సంఘపు అప్పుమీద వడ్డీ పెరుగును.

ఈ జ్వరము చెడుగాలివలన వచ్చునని పూర్వులు నమ్మెడివారు. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డు రాస్ గారు మన సికిందరాబాదులోనే దోమకడుపున మలేరియా క్రిమిని కనుగొనిరి.

గ్రుడ్డు దోమయగుటకు ఇంచుమించు ఎనిమిది, పది దినములు పట్టును. కావున గోలెములను వారమున కొకమారు వంచి, తోమి, ఎండబెట్టవలెను. మడిలో నెల్లప్పుడు నీరు నిలుపక నడుమనడుమ ఆరగట్టినచో నీరును మిగులును, దోమపిల్లలును చచ్చును. పూతవేళ మాత్రము ఆరనీయరాదు. ఒక్కరు ఆరగట్టి పొరుగువారు నిలిపిన ఫలము లేదు. ఆయకట్టుదారులందరు కూడి చేయవలసిన పని యిది.

వేపాకు పొగను మేము కాదనము, కాని పొగ చల్లారగానే దోమ మరలివచ్చును. మలేరియా దోమ రాత్రి కుట్టును గనుక దోమతెర మేలు. డెంగీ దోమ పగలు కుట్టును. మూతలేని ఇంటినీరే దాని పుట్టిల్లు.

చలితో జ్వరము వచ్చిననాడే సర్కారు దవాఖానలో నెత్తురు పరీక్ష చేయించుకొనుడు; రుసుము లేదు. జ్వరము దిగగానే మాత్రలు మానువారు పెక్కుమంది. వైవాక్స్ తెగ క్రిమి కాలేయమున దాగి నెలల పిమ్మట మరల లేచును. వైద్యుడు 14 దినముల మందిచ్చుట అందులకే.